సెల్లారులో గోల్ఫ్: మూడో వానాకాలంలో రాస్తున్న సమీక్ష

"ముడసర్లోవ పక్కనే గోల్ఫ్ మైదానం ఉండగా సెల్లారులో ఆడటమేమిటండీ?" అని మా ఆవిడ అడిగి మూడేళ్లయింది. అప్పట్లో నా దగ్గరున్న జవాబు ఒక్కటే. మే నెలలో ఉదయం ఎనిమిది దాటాక విశాఖలోని ఆ మైదానంలో, అంటే ఈస్ట్ పాయింట్‌లో, 18 హోల్స్ నడిచే ఓపిక నాకు లేదు. ఓడల ఇంజిన్ గదుల్లో ముప్పై ఏళ్లు ఉడికాను, ఇక ఉక్కపోత చాలనుకున్నాను. 2022 చివర్లో సిమ్యులేటర్ గది తయారైంది. తెరకేసి బంతిని కొడితే ఒక యంత్రం ఆ దెబ్బను కొలుస్తుంది, బంతి ఎక్కడ పడేదో కంప్యూటర్ తెర మీద చూపిస్తుంది. వారానికి మూడు నాలుగు రోజులు, రోజుకో గంట చొప్పున వాడుతున్నాను. కొనబోయేవాళ్లు అందరూ మొదట అడిగేది "ఏ యంత్రం మంచిది?" అని. అది మూడో ప్రశ్న. మొదటిది ఎత్తు, రెండోది చెమ్మ.

మా ఇల్లు ఎండాడలో కొండవాలు మీద ఉంది. ముందువైపు సెల్లారు వీధికి సమంగా ఉంటుంది. వెనక గోడ మాత్రం కొండను వీపున మోస్తుంది. లోపల 18 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు. ఎత్తెంత అని ఇల్లు కట్టిన మేస్త్రిని అడిగితే "తొమ్మిదిన్నర సార్" అన్నాడు. శ్లాబు దాకా కొలిస్తే 9 అడుగుల 4 అంగుళాలు వచ్చింది. దూలం అడుగు దాకా కొలిస్తే సరిగ్గా 8 అడుగులు. మేస్త్రులు శ్లాబు ఎత్తు చెబుతారు, గోల్ఫ్ కర్ర తగిలేది దూలానికి.

నా డ్రైవర్ (అన్నిటికన్నా పొడవైన గోల్ఫ్ కర్ర) పొడవు 45 అంగుళాలు, నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే డ్రైవర్ తలకు పసుపు నీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి, ఖాళీ సెల్లారులో నిలబడి నెమ్మదిగా పూర్తి స్వింగ్ చేశాను. దూలం అడుగున పచ్చటి గీత పడింది. రెండు దూలాల నడుమకు జరిగి మళ్లీ తిప్పితే శ్లాబుకు ఏడంగుళాల ఎడం మిగిలింది. బంతి పెట్టే చోటు అక్కడే ఖాయమైంది, మిగతా గదంతా దాని చుట్టూ అమరింది. ఆ పసుపు గీత ఇప్పటికీ ఉంది. వచ్చిన చుట్టాలు గృహప్రవేశం నాటిదనుకుంటారు.

ఈ పరీక్షలో రెండు విషయాలు మరిచిపోయాను. ఒకటి, కింద పరిచే చాప మందం. ఇప్పుడున్నది రెండున్నర అంగుళాలు మింగేసింది. రెండోది, ఆడేవాడిని నేనొక్కడినే కాదు. ఆరడుగుల మా బావమరిది మొదటి ఆదివారమే శ్లాబును గీకి, తన కొత్త డ్రైవర్ నెత్తిన మచ్చ చేసుకున్నాడు. ఇప్పుడు మా గదిలో ఆయనకు ఐరన్‌లు అనే పొట్టి కర్రలు మాత్రమే. ఇంట్లో పొడగరులుంటే పదడుగులకు తక్కువైన చోట ఈ పని పెట్టుకోకండి. అపార్ట్‌మెంటు సెల్లారైతే అసలు ఆలోచనే వద్దు, అది అందరి పార్కింగ్.

ఇక చెమ్మ. సిమ్యులేటర్ గదుల గురించి నేను చూసిన సమాచారమంతా చలిదేశాల వాళ్లది. వాళ్ల బాధ గది వెచ్చబరచడం, మన బాధ గది ఆరబెట్టడం. మొదట ఒక కంపెనీ వాళ్లు వచ్చి వెనక గోడకు లోపలివైపు రెండు పూతలు వాటర్‌ప్రూఫింగ్ వేసి, పదేళ్లు ఢోకా లేదన్నారు. తొలి వానాకాలంలో, ఆగస్టు దాటకుండానే, ఆ పూత అప్పడంలా పొంగింది. గోరుతో గుచ్చితే లోపల నుంచి నీళ్లు కారాయి. తప్పు పూతది కాదు, ఆలోచనది. కొండలో ఊరిన నీరు గోడను వెనక నుంచి తోస్తుంది. లోపలి పూతను గోడకు అదిమి పట్టేదేమీ లేదు కాబట్టి ఆ ఒత్తిడికి అది ఊడివస్తుంది. వెలుపలివైపు పూయాలంటే కొండను తవ్వాలి.

చివరికి దారి చూపినవాడు పక్కింటి ప్రహరీ కడుతున్న ఒక ముసలి మేస్త్రి. "కొండ నీళ్లను ఆపలేమండీ, మళ్లించుకోవాలి" అని, గోడ అడుగున వరసగా రంధ్రాలు వేయించి, వాటి కింద చిన్న కాలువ తీయించి, మూల ఒక సంపు తవ్వించాడు. నీరు నిండగానే దానంతటదే తిరిగే మోటారు పెట్టాం. గోడకు ఆరంగుళాల ఎడంగా అల్యూమినియం చట్రం నిలిపి సిమెంటు బోర్డులు బిగించాం. చెక్క చట్రమైతే చవక, కానీ ఎర్రమట్టి కొండకు ఆనుకున్న సెల్లారులో చెక్క పెట్టడమంటే చెదలకు భోజనం వడ్డించడమే. అప్పటి నుంచి గోడ వెనక నీళ్లు కారుతూనే ఉన్నాయి, గదిలోకి మాత్రం రాలేదు.

గాలిలో తేమ వేరే సంగతి. ఏసీ ఉంది కదా అనుకున్నాను. గది చల్లబడగానే కంప్రెసర్ ఆగుతుంది, ఆగగానే తేమ తిరిగొస్తుంది. నాలుగు నెలలకు ప్రొజెక్టర్ అద్దం మీద సాలెగూడు లాంటి బూజు కనిపించింది. కర్రల రబ్బరు పిడులు జిడ్డుగా తయారయ్యాయి. తెరను కట్టిన ఇనుప పైపుల కీళ్ల దగ్గర తుప్పు పొరలు లేచాయి. సముద్రం ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లో మామూలు ఇనుము కొన్నందుకు, ఓడల ఇంజినీరునై ఉండి, నన్ను నేనే తిట్టుకున్నాను. పైపులు మార్చి, తేమను లాగే డీహ్యుమిడిఫైయర్ కొన్నాను. ఆగస్టులో అది పొద్దున్నుంచి సాయంత్రానికి బకెట్‌లో మూడొంతులు నింపుతుంది. ఆ నీళ్లు మా ఆవిడ ఇన్వర్టర్ బ్యాటరీలో పోయబోతే ఆపాల్సి వచ్చింది. అవి డిస్టిల్డ్ వాటర్ కాదు, చుట్టూ ఉన్న దుమ్మంతా అందులోనే ఉంటుంది.

మొత్తం పన్నెండు లక్షల దాకా అయింది. అందులో నీళ్లకూ తేమకూ పోయినవే మూడు లక్షల పైచిలుకు, యంత్రానికి పెట్టింది రెండున్నర.

ఆ యంత్రం దగ్గరికి వస్తే, మొదట రాడార్ రకం కొన్నాను. అది బంతి వెనక ఏడెనిమిది అడుగుల దూరంలో కూర్చుని, ఎగిరే బంతిని వెంటాడి కొలుస్తుంది. ముందువైపూ కనీసం ఎనిమిది అడుగుల ప్రయాణం చూపించాలి. బయట మైదానంలో అది హాయిగా పనిచేసేది. 18 అడుగుల గదిలో, తెర వెనక వదిలిన ఒక అడుగు పోగా, దానికి ఊపిరాడలేదు. వేగం బాగానే చెప్పేది. బంతి తిరుగుడును మాత్రం కొంత కొలిచి, కొంత ఊహించేది. బంతి మీద లోహపు చుక్క అతికిస్తే కాస్త నయం. ఏడాది ఓర్చుకుని అమ్మేశాను. ఇప్పుడున్నది కెమెరా రకం. బంతి పక్కనే కూర్చుని, దెబ్బ తగిలిన క్షణంలో వరసగా ఫోటోలు తీసి లెక్క కడుతుంది. చిన్న గదులకు ఇదే సరి. దీని చిక్కల్లా, ఎడమచేతి ఆటగాడు వస్తే యంత్రాన్ని అవతలి పక్కకు మార్చాలి. ఎండ నేరుగా పడినా తడబడుతుంది. మా గదికి ఉన్న ఒక్క కిటికీకి మందపాటి తెర వేశాను.

ఈ యంత్రం నాకు చెప్పిన మొదటి నిజం మింగుడు పడలేదు. సెవెన్ ఐరన్‌తో 150 గజాలు కొడతానని పదేళ్లుగా నలుగురికీ చెప్పుకుంటున్నాను. యంత్రం 131 అంది. మర్నాడు 129. యంత్రానిదే తప్పని తేల్చుకుని, మిత్రుడి దగ్గర లేజర్ దూరమాపకం తీసుకుని ఈస్ట్ పాయింట్‌కు వెళ్లాను. పన్నెండు బంతులు కొట్టి, పడిన చోటల్లా కొలిచాను. రెండంటే రెండు 140 దాటాయి, అవి కూడా వెనకగాలికి. అప్పటి నుంచి గ్రీన్‌కు (గుంత ఉండే నున్నటి గడ్డికి) ముందున్న బంకర్లలో, అంటే ఇసుక గుంతల్లో, పడటం తగ్గింది. నా హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, తగ్గితే మెరుగైనట్టు) 22 నుంచి 18కి దిగడానికి సగం కారణం ఈ ఒక్క అంకే. స్వింగ్ పెద్దగా మారిందేమీ లేదు. సరైన కర్ర తీయడం నేర్చుకున్నాను, అంతే.

చాప విషయంలో మాత్రం దెబ్బ తిన్నాను, అక్షరాలా. కాంక్రీటు మీద పలచటి చాప పరిచి ఆడితే నాలుగో నెలకు ఎడమ మోచేయి బయటివైపు నొప్పి మొదలైంది. పాల గ్లాసు ఎత్తడం కష్టమయ్యేది. డాక్టరు ఆరు వారాలు కర్ర ముట్టుకోవద్దన్నారు. తరువాత మందపాటి మెత్తటి చాపకు మారాను, నొప్పి మళ్లీ రాలేదు. అయితే మెత్తదైనా గట్టిదైనా చాప ఒక అబద్ధం చెబుతుంది. కర్ర బంతికి రెండంగుళాల వెనక దిగినా జారుకుంటూ వెళ్లి బంతిని లేపేస్తుంది. తెర మీద బ్రహ్మాండంగా ఎగురుతుంది. వానలు తగ్గాక మైదానానికి వెళితే అదే స్వింగ్‌తో జానెడు మట్టి పెళ్ల లేచి, బంతి పది గజాల అవతల పడింది. ఇప్పుడు బంతికి నాలుగంగుళాల వెనక మడిచిన తువ్వాలు పెట్టుకుని ఆడుతున్నాను. తప్పు కొడితే ముందు తువ్వాలు ఎగురుతుంది. రెండున్నర లక్షల యంత్రం చెప్పని సంగతి పాత తువ్వాలు చెబుతోంది.

తెర గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బిగుతుగా కట్టకండి. మొదటి వారంలో నేనలా కడితే బంతి తిరిగొచ్చి మోకాలి చిప్పకు తగిలింది. 46 గ్రాములు కూడా లేని బంతి కదా అనుకుంటాం, కానీ రెండు రోజులు కుంటుతూ నడిచాను. కట్లు వదులు చేసి, బంతిని తెరకు పదడుగుల దూరంలో పెట్టాక ఆ భయం పోయింది. ప్రొజెక్టర్ దగ్గరి నుంచి పెద్ద బొమ్మ వేసే రకం కావాలి. దాని త్రో రేషియో, అంటే తెర నుంచి దూరానికీ బొమ్మ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి, 0.5 అయితే పదడుగుల వెడల్పు బొమ్మకు ఐదడుగుల దూరం చాలు. అంటే అది మన ముందే ఉంటుంది, నీడ పడదు. నేను కొన్నదాని బొమ్మ ఎత్తు ఆరడుగుల పావే. ఎనిమిదడుగుల తెరకు పైన అడుగున్నర పైగా తెల్లగా మిగిలిపోయింది, ముందే లెక్కవేసుకోవలసింది.

సాఫ్ట్‌వేర్‌కు ఏటా చందా కట్టాలి, మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ కావాలి, దానికో యూపీఎస్ కూడా. కరెంటు పోయినప్పుడు చేతికొచ్చిన స్కోరు పోతే కలిగే కోపం ఇంకెవరికీ వద్దు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఆడే స్కాట్లాండ్ మైదానం సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు 17వ హోల్‌లో హోటల్ మూల మీదుగా డ్రైవ్ కొట్టాలి. ఎండాడ సెల్లారులో, వెనక కాలువలో కొండ నీళ్లు గలగలమంటుండగా ఆ దెబ్బ కొట్టడం నాకు ఎప్పటికీ విసుగు పుట్టదు. బంతి హోటల్ గదుల్లోకి వెళ్లిన రోజులే ఎక్కువ. గాలి లేని గదిలో సాధన చేసి సముద్రపు గాలిలో ఆడటం వేరు కాబట్టి, సాఫ్ట్‌వేర్‌లో ఎదురుగాలి పెట్టుకునే ఆడుతున్నాను.

పుటింగ్ (బంతిని నేల మీద దొర్లించి గుంతలో వేయడం) కోసం మాత్రం ఈ గది కట్టుకోకండి. ఇరవై అడుగుల పుట్‌లో సగం దూరానికే తెర అడ్డం వస్తుంది. మిగతాది కంప్యూటర్ ఊహ. మేం రెండు పుట్‌లని లెక్క రాసుకుని ముందుకు పోతాం. చప్పుడు సంగతి కూడా ముందే ఆలోచించుకోవాలి. ఉదయం ఆరింటికి డ్రైవర్ కొడితే పైగదిలో ఎవరో పరుపు దులుపుతున్నట్టు వినిపిస్తుందట. మా ఇంట్లో ఏడుకు ముందు వెడ్జ్‌లకే (దగ్గరి దెబ్బల పొట్టి కర్రలకే) అనుమతి.

ఆ వెడ్జ్‌లే తెర కింది భాగాన్ని నూలు లేచేలా చేశాయి. గరుకు దేలిన బంతులతో కొట్టడం నా తప్పు. కొత్త తెర వచ్చి నెలయింది, పెట్టెలోనే ఉంది. అక్టోబరు, నవంబరు మన తీరంలో తుఫాన్ల నెలలు. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న. సంపు మోటారుకు కరెంటు లేని రెండు రోజులు చాలు, కొత్త గుడ్డ అంచు తడవడానికి. డిసెంబరులో కడతాను. ఈలోగా మోటారును కూడా ఇన్వర్టర్‌కు కలపమని ఎలక్ట్రీషియన్‌కు మూడుసార్లు ఫోను చేశాను. రేపు వస్తానన్నాడు.