రెక్క ఆపరేషన్: నలభైల్లో ఒక లెక్క, అరవై దాటితే ఇంకో లెక్క

మా ఇంట్లో ఒకే ఏడాది ఇద్దరికి కుడి రెక్క లేవకుండా పోయింది. మా బావకు 44 ఏళ్లు, మిర్యాలగూడ రోడ్డులో బండి మీంచి పడ్డాడు. మా నాయనకు 68. ఆయన ఎక్కడా పడలేదు, బత్తాయి తోటలో ఏళ్ల తరబడి చేతులు పైకెత్తి కాయలు కోసినందుకు భుజం అరిగింది. ఎమ్మారై రిపోర్టులు మాత్రం ఇద్దరికీ ఒక్కటే చెప్పాయి: రొటేటర్ కఫ్, అంటే భుజం కీలును పట్టి ఉంచే కండరాలు, టెండాన్ల పట్టీ చిరిగింది.

ఇద్దరికీ ఆపరేషన్ చేయిద్దామని అక్క పట్టుబట్టింది. కానీ డాక్టర్ చేసేది, చిరిగిన టెండాన్‌ను (కండను ఎముకకు కలిపే తాడులాంటిది) ఎముకకు దారంతో బిగించడం వరకే. అది అతుక్కోవడం ఒంటి పని. వయసు మీద పడ్డాక ఆ టెండాన్‌లో సత్తువ తగ్గుతుంది, ఎముక మెత్తబడుతుంది. చాలాకాలం చిరిగే ఉంటే కండరం కొవ్వుగా మారుతుంది, ఆ కొవ్వు మళ్లీ కండ కావడం కష్టం. అందుకే 65 దాటినవాళ్లలో కుట్టింది మళ్లీ తెగే అవకాశం ఎక్కువ. షుగర్, బీడీ తోడైతే ఇంకా కష్టం. అయినా పూర్తిగా అతకని పెద్దవాళ్లలో కూడా చాలామందికి నొప్పి తగ్గుతుంది. వయసు చూసి భయపెట్టేవాళ్లు ఈ మాట చెప్పరు, నాకు అదే బాధ.

బావది దెబ్బతో తెగింది. నెలలు నానిస్తే తెగిన కొస లోపలికి ముడుచుకుపోతుంది కాబట్టి తొందరగా చేయించడమే మేలనిపించింది, చేయించాం. ఆరు వారాలు చేతికి స్లింగు, మూడు నెలలు దాటాకే బరువు వ్యాయామాలు. ఈ వయసువాళ్లతో చిక్కేంటంటే, నొప్పి పోగానే నయమైందనుకుంటారు. ఐదో వారం స్లింగు విప్పేసి 20 లీటర్ల నీళ్ల క్యాను ఎత్తబోయాడు. అక్క పరుగున వచ్చి లాక్కుంది.

నాయనకు ముందు మూడు నెలలు ఫిజియోథెరపీయే చేయించాం. గోడ మీద వేళ్లు పాకించాలి, అందినకాడ సుద్దతో గీత గీయాలి. మొదటిరోజు గీత గడ్డం ఎత్తున ఉంది. మూడో నెలకు తల దాటింది. అరుగుదలతో మెల్లగా చిరిగినవాళ్లలో చాలామందికి ఇలా కత్తి పెట్టకుండానే సరిపోతుంది. తగ్గకపోయి ఉంటే 68లోనూ ఆపరేషన్‌కు వెనకాడేవాళ్లం కాదు.

ఇప్పుడు తొమ్మిది నెలలైంది. బావ చేయి పూర్తిగా లేస్తోంది. నాయన బరువు పైకెత్తలేడు గానీ ఆ పక్కకు తిరిగి పడుకుంటున్నాడు, అన్నం తనే కలుపుకుంటున్నాడు. కాయ కోతకు మాత్రం కూలి మనిషిని పెట్టుకున్నాం.