డోటా 2లో ఏఎఫ్‌కే శిక్ష: కరెంటు పోయే ఊళ్లో ఏళ్ల తరబడి ఆడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తాను, ఆట మధ్యలో మాయమయ్యేవాళ్లకు (గేమర్ల భాషలో ఏఎఫ్‌కే, అంటే కీబోర్డు వదిలి వెళ్లినవాళ్లు) శిక్ష ఉండాల్సిందే. డోటా అంటే అయిదుగురు చొప్పున రెండు జట్లు ఆన్‌లైన్‌లో ఆడే కంప్యూటర్ గేమ్. అందులో ఒక మ్యాచ్ ఒక్కోసారి ముప్పావుగంట దాకా సాగుతుంది. అయిదుగురిలో ఒకడు లేచిపోతే మిగతా నలుగురి సాయంత్రం గంగలో కలిసినట్టే. ఆ శిక్ష మాలాంటి ఊళ్లలో ఎలా పనిచేస్తుందో చాలా ఏళ్లుగా చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

మాది భీమవరం దగ్గర పల్లె. ఆడేది నేను, మా తమ్ముడు, రొయ్యల చెరువు చేసే మా బావ, అమలాపురం వైపు నుంచి ఇద్దరు స్నేహితులు. మే నెలలో సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే ఎక్కడో ఒక కొబ్బరిమట్ట తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది. అక్టోబరు, నవంబరు తుఫాన్ల సంగతి సరేసరి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అంటారు. దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టకపోతే కరెంటు పోయిన ఆ క్షణంలోనే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. అదీ సరిచేసి, రూటర్‌కి చిన్న బ్యాటరీ పెట్టినా, నెట్ ఆపరేటర్ పెట్టె ఉన్న వీధిలో కరెంటు లేకపోతే ఇవన్నీ ఎందుకూ పనికిరావు.

ఇక రూలు. ఒక మ్యాచ్‌లో మొత్తం కలిపి 5 నిమిషాలకు మించి కనెక్షన్ తెగితే ‘అబాండన్’ (మ్యాచ్ వదిలేశాడన్న ముద్ర) పడుతుంది. కనెక్షన్ ఉండి కూడా చాలాసేపు ఎక్స్‌పీ (ఆటలో వచ్చే అనుభవ పాయింట్లు) ఏమీ రాకుండా ఊరికే నిలబడినా అంతే. ఆ 5 నిమిషాలు ఎవరు లెక్కేశారో గానీ బాగా లెక్కేశారు. కంప్యూటర్ ఆగిపోయి తిరిగి లేచి ఆటలోకి వచ్చేందుకు అది సరిపోతుంది. పైగా డోటాలో పాజ్ ఉంది. మనవాడు పోగానే ఎవరైనా పాజ్ నొక్కొచ్చు. అవతలి జట్టు దాన్ని తీసేయొచ్చు కూడా. కానీ ‘కరెంటు పోయింది, రెండు నిమిషాలు’ అని చాట్‌లో రాస్తే ఆగేవాళ్లే ఎక్కువని నా అనుభవం.

నాకు అన్నిటికంటే నచ్చింది శిక్ష కాదు, మిగిలిన నలుగురికి ఇచ్చే ఊరట. పోయినవాడి హీరోని, అంటే వాడు ఆడే పాత్రని, మనమే నడిపించుకోవచ్చు. అబాండన్ పడ్డాక వాడి గోల్డ్ (ఆటలోని డబ్బు) మనకు పంచుతుంది. ఇక ఆడే ఓపిక లేకపోతే, వెళ్లిపోయినా మీకు శిక్ష లేదని ఆటే చెబుతుంది. పోయినవాణ్ని వాయించడం ఏ గేమ్ అయినా చేస్తుంది. ఉన్నవాళ్ల గతేంటని ఆలోచించేవి తక్కువ.

ఇప్పుడు మా బావ సంగతి. రాత్రిళ్లు చెరువు గట్టు మీది షెడ్‌లో కాపలా కాస్తూ ల్యాప్‌టాప్‌లో మొబైల్ నెట్ పెట్టుకుని ఆడతాడు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, నెట్టూ ఉంటుంది. కానీ కరెంటు పోతే చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి. అర్ధరాత్రి దాటాక చెరువులో ఆక్సిజన్ అసలే తక్కువ, కాస్త ఆలస్యమైతే రొయ్యలు తేలిపోతాయి. ‘ఒరేయ్, జనరేటర్ ఏసొస్తా’ అనేసి హెడ్‌ఫోన్ పడేసి పరిగెడతాడు. ఒక్కోసారి జనరేటర్ మొండికేస్తుంది. ఆటకు మాత్రం బావ ఊరికే నిలబడ్డవాడిలాగే కనిపిస్తాడు. శిక్ష పడుతుంది. దీన్ని అన్యాయమని నేను అనను. చెరువు పోతే పోయేది బావ డబ్బు, మ్యాచ్ పోతే పోయేది ఎవరో నలుగురి టైము. వాళ్లకు రొయ్యలతో పనేంటి?

నా పేచీ ఆ తర్వాత వచ్చే ‘లో ప్రయారిటీ’ దగ్గర, అంటే శిక్ష పడ్డవాళ్లను విడిగా ఒకరితో ఒకరిని ఆడించే చోట. అందులో పడ్డవాడు ర్యాంక్డ్ (గెలుపోటములతో ర్యాంకు మారే మ్యాచ్‌లు) ఆడలేడు. చూపించిన మూడు హీరోల్లోంచి ఒకణ్ని ఎంచుకుని ఆడాలి, నిర్ణయించినన్ని మ్యాచ్‌లు గెలవాలి. ఆడితే చాలదు, గెలవాలి. చుట్టూ ఉన్నది ఎవరు? చాలావరకు మధ్యలో వదిలేసి అక్కడికొచ్చినవాళ్లే. మళ్లీ వదిలేస్తారు. పైగా పార్టీలో (కలిసి మ్యాచ్‌లోకి వెళ్లే స్నేహితుల గుంపులో) ఒక్కడికి శిక్ష ఉన్నా పార్టీ మొత్తం అందులోకే వెళ్లాలి. అలా బావ జనరేటర్ మా అయిదుగురికీ చుట్టుకుంటుంది.

కౌంటర్‌స్ట్రైక్ అనే షూటింగ్ గేమ్ కాంపిటీటివ్ మోడ్‌లో చాలాకాలంగా ఉన్న పద్ధతి నాకు ఇంతకంటే నచ్చుతుంది. మొదటిసారి వదిలేస్తే 30 నిమిషాలు ఆడనివ్వదు. మళ్లీ చేస్తే 2 గంటలు, ఆపైన 24 గంటలు, చివరికి 7 రోజులు. కొంతకాలం బుద్ధిగా ఉంటే మెట్టు దిగుతుంది. కరెంటు పోయినవాడు ఆ అరగంటలో ఎలాగూ ఆడలేడు, వాడికి నష్టం లేదు. అలిగి వెళ్లిపోవడం అలవాటైనవాడు మాత్రం పైమెట్టుకు చేరి వారం కూర్చుంటాడు. సర్వర్‌కి మనిషి మనసు తెలియదు, ఎన్నిసార్లు చేశాడన్నదే తెలుస్తుంది. ఆ ఒక్కదాన్నీ బాగా వాడుకున్న పద్ధతి ఇది.

ఒక తమాషా. 2022 మేలో అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో రోజుల తరబడి మొబైల్ నెట్ ఆపేశారు. మా స్నేహితులిద్దరూ అన్నాళ్లూ అజాపజా లేరు, ఒక్క శిక్షా పడలేదు, మ్యాచ్ మొదలుపెడితే కదా! బావ ఆరు నిమిషాలు లేచెళ్తే పడింది.

ఏ పద్ధతికీ దొరకని రకం ఇంకొకటుంది. రెండుసార్లు చచ్చాక ‘ఇక ఆడను’ అని బేస్‌లో తిరుగుతూ, అప్పుడప్పుడూ బయటికొచ్చి నాలుగు క్రీపుల్ని (ఆటే నడిపే చిన్న సైనికుల్ని) కొట్టి, లెక్కకు ఆడినట్టు చూపించేవాడు. వీడి మీద రిపోర్టు కొట్టడమే దారి. రిపోర్టులు బిహేవియర్ స్కోర్‌ని (ప్రవర్తనకు ఆట ఇచ్చే మార్కుల్ని) తగ్గిస్తాయంటారు, నిజమే, కానీ ఆ మ్యాచ్ మాత్రం తిరిగి రాదు. కరెంటు పోయినవాడికి పడే శిక్షలో సగమైనా వీడికి అప్పటికప్పుడు పడాలని నా కోరిక.

మార్కులంటారా, ఉన్నవాళ్లకిచ్చే ఊరటకు అయిదుకు నాలుగున్నర, లో ప్రయారిటీకి రెండు. మన వైపు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మబ్బు పట్టిన సాయంత్రం ర్యాంక్డ్ జోలికి వెళ్లకండి, బాట్‌లతో (కంప్యూటరే నడిపే ఆటగాళ్లతో) ఆడుకోండి. మా బావ ఇప్పుడు కుర్రాడు కాపలా ఉన్న రాత్రిళ్లే ర్యాంక్డ్‌కి వస్తున్నాడు. మిగతా రోజుల్లో మా మ్యాచ్ చూస్తూ మైకులో తిడుతుంటాడు.