ఓఆర్‌ఆర్ సోలార్ సైకిల్ ట్రాక్: తొక్కడానికి బాగుంది, పనికి చేర్చడం లేదు

నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా (జనం నోట ఇప్పటికీ అప్పా జంక్షనే) 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) వెంబడి మొత్తం 23 కిలోమీటర్ల ఈ సోలార్ కప్పు దారి 2023 అక్టోబరు 1న మొదలైంది. నడిచేవాళ్లకూ సైకిళ్లకూ బస్సులకూ రోడ్డు మీద చోటు కావాలని అడిగే పౌర బృందంగా మేం దీనికి రెండు రకాల మార్కులు వేస్తున్నాం. వ్యాయామానికి 5కి 4. ఊళ్లో రాకపోకలకు ఒకటిన్నర.

ముందు బాగున్నవి. దారి నాలుగు మీటర్లకు పైనే వెడల్పు, మూడు వరసలు. ఎదురుగా సైకిళ్లు వస్తున్నా నెమ్మదిగా పోయేవాళ్లను దాటడానికి చోటుంటుంది. పక్కన మెయిన్ రోడ్డు మీద కార్లకు గంటకు 120 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది. అలాంటిచోట రంగు గీత సరిపోదు, విడి దారే కావాలి. ఇక్కడ అది ఉంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కితే మొదటి భాగానికి 34 నిమిషాలు, రెండోదానికి 58 నిమిషాలు పడుతుంది. కప్పు నీడ మిట్టమధ్యాహ్నమే బాగా పనికొస్తుంది. ఉదయం, సాయంత్రం ఎండ పక్కల నుంచి ఏటవాలుగా పడుతుంది. గాలివానలో జల్లు కూడా అలాగే లోపలికి కొడుతుంది. తడిసిన రంగు గీతల మీద టైరు జారుతుంది కాబట్టి వాటి మీద బ్రేకు నొక్కొద్దు, మలుపు తిప్పొద్దు.

హైవే పక్కన పంక్చర్లకు పెద్ద కారణం మేకులు కాదు, లారీ టైర్లు చీలి రాలిన సన్నటి ఉక్కు తీగలు. ట్యూబు మార్చేముందు టైరు లోపల గుడ్డ పెట్టి చుట్టూ తుడవండి. తీగ ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేస్తే నాలుగు కిలోమీటర్లు పోకుండానే అదీ పోతుంది. ఒక ట్యూబు, టైరు ఊడదీసే లీవర్లు రెండు, చిన్న పంపు వెంట ఉండాల్సిందే.

పైకప్పు సామర్థ్యం 16 మెగావాట్లు. మన ఎండల్లో ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. ఆ లెక్కన మొత్తం రోజుకు 64,000 యూనిట్లు. 12 మీటర్ల ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు ఒకటింపావు యూనిట్ తాగి రోజుకు 200 కిలోమీటర్లు తిరిగితే దానికి 250 యూనిట్లు కావాలి. అంటే ఈ కప్పు మీద పుట్టే కరెంటు దాదాపు 250 బస్సులు నడిపేంత. ఈ ప్రాజెక్టులో మాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇక మార్కులు ఎక్కడ పోయాయో చెప్పాలి. సైకిల్ దారి విలువ దాని పొడవులో కాదు, రెండు కొసల్లో ఉంటుంది. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది. అక్కడి నుంచి ట్రాక్ మొదలయ్యే నానక్‌రామ్‌గూడ జంక్షన్ ఐదు కిలోమీటర్లకు పైనే. ఆ ఐదు కిలోమీటర్లూ సైకిల్ తొక్కేవాడు కార్ల మధ్యే పోవాలి. నానక్‌రామ్‌గూడ పక్కనున్న ఆఫీసుల ప్రాంతం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో రోజూ సైకిల్ మీద పనికొచ్చేవాళ్లు వాచ్‌మన్లు, హౌస్‌కీపింగ్ వాళ్లు, కట్టడం పనివాళ్లు. వాళ్ల ఇల్లూ పనిచోటూ ఈ దారి మీద లేవు. కారు వెనక సైకిలు కట్టుకుని వచ్చేవాళ్లకే ఇది నేరుగా అందుతుంది. జాతీయ పట్టణ రవాణా విధానం 2006లోనే వాహనాలను కాదు, మనుషులను దృష్టిలో పెట్టుకుని ప్రణాళిక వేయమంది. ఆ కొలతతో చూస్తే ఖర్చు ముందు పడాల్సింది ఈ ఐదు కిలోమీటర్ల మీద.

దానికి భూసేకరణ అక్కర్లేదు. ఒక్కో వైపు మూడు వరసలున్న రోడ్డులో వరస 3.5 మీటర్లుంటే, బస్సు పోయే ఎడమ వరసను 3.25కి, మిగతా రెంటిని 3 మీటర్లకు తగ్గించొచ్చు. మిగిలేది 1.25 మీటర్లు. డివైడర్ పక్క అంచులోంచి ఇంకో అర మీటరు తీస్తే 1.75. కార్లను అటు రానీయకుండా కట్టే అడ్డుగోడ మందం పోగా సుమారు మీటరున్నర. ఒక సైకిల్ హాయిగా పోతుంది, ఒకదాన్నొకటి దాటాలంటే ఇరుకే. దాటేంత చోటు కావాలంటే 2 మీటర్లుండాలి. ఆ కాస్తా కార్ల పార్కింగ్‌లోంచి తీయాలి కానీ ఫుట్‌పాత్‌లోంచి కాదు. నడకదారికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ 103 చెప్పిన 1.8 మీటర్లు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు పోగా మిగలాలి. నడిచేవాళ్ల చోటు లాక్కుని సైకిళ్లకిచ్చే పథకమేదైనా మేం ఒప్పుకోం.

ఇలాంటి దారులు చెడేది ఎక్కువగా చిన్న కొలతల దగ్గరే. ఉత్త రంగు గీత గీస్తే వారం తిరక్కుండా అది పార్కింగ్ అవుతుంది. బొల్లార్డులు (వాహనాలను ఆపే పొట్టి స్తంభాలు) పాతి మధ్యలో మీటరున్నర వదిలితే, 1.3 మీటర్ల వెడల్పున్న ఆటో సులువుగా దూరుతుంది. 1.2 మీటర్లు వదిలితే వీల్‌చైర్ పడుతుంది, ఆటో పట్టదు. మురుగు జాలీ కడ్డీలు చక్రానికి అడ్డంగా ఉండాలి. దారి వెంట నిలువుగా పెడితే సన్న టైరు అందులో దిగబడి మనిషి ఎగిరిపడతాడు.

అన్నిటికంటే కష్టమైంది ఇంటర్‌ఛేంజ్ (ఓఆర్‌ఆర్ ఎక్కే, దిగే చోటు) దగ్గర సర్వీస్ రోడ్డు దాటడం. నాలుగు వరసలంటే 14 మీటర్లు. మామూలు నడక సెకనుకు 1.2 మీటర్లు, అంటే 12 సెకన్లు. వయసు మళ్లినవాళ్లు 0.8 మీటర్ల చొప్పున నడిస్తే 17 సెకన్లు దాటుతుంది. సిగ్నల్ ఈ రెండో లెక్కకే పెట్టాలి. సిగ్నల్ కుదరనిచోట క్రాసింగ్‌ను ఫుట్‌పాత్ ఎత్తుకు, అంటే 15 సెంటీమీటర్లకు లేపితే వాహనం తనంతట తానే నెమ్మదిస్తుంది. ఎడమ మలుపు వంపును బిగించడం కూడా ముఖ్యమే. వంపు విశాలంగా ఉన్నంతకాలం డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టడు.

ఇక మెట్రో స్టేషన్ దగ్గర సైకిల్ స్టాండు సంగతి. ముందు చక్రం మాత్రమే దూర్చే ఇనుప చట్రాలు వద్దు. వాటిలో చక్రం వంగుతుంది, ఫ్రేముకు తాళం పడదు. తిరగేసిన యు ఆకారంలో ముప్పావు మీటరు ఎత్తు పైపులు మీటరుకొకటి పాతితే ఒక్కోదానికి రెండు సైకిళ్లు కట్టుకోవచ్చు. ఒక కారు ఆగే చోటులో పది సైకిళ్లు పడతాయి.

తెల్లవారుజామున వ్యాయామానికి వెళ్లేవాళ్లకు ఈ ట్రాక్‌ను నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాం. కప్పును ఇంకో కిలోమీటరు పొడిగించే ప్రతిపాదన వస్తే మాత్రం మా అభ్యంతరం ఉంటుంది. ముందు రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడకు దారి వేయాలి.