మాజీ సైనికుడైన మా తాత స్మారక సంచిక: నల్లగొండ ప్రెస్సు పనితనం

నల్లగొండ గడియారం సెంటరుకు దగ్గరలో పెళ్లి పత్రికలు, కర్మ పత్రికలు అచ్చువేసే ఒక చిన్న ప్రెస్సు ఉంది. కాలం చేసిన పెద్దల జీవితం మీద స్మారక సంచికలు కూడా అక్కడ తయారుచేసి ఇస్తారు. మా తాత సంవత్సరీకానికి వచ్చిన బంధువులకు పంచిన 48 పేజీల సంచిక అక్కడ అచ్చయిందే. ఇలాంటి పని చేయించుకోవాలనుకునే కుటుంబాలకు, ముఖ్యంగా ఇంట్లో మాజీ సైనికులున్న వారికి, ఈ ప్రెస్సు గురించి వివరంగా చెప్పవలసిన అవసరం ఉందని నా అభిప్రాయం.

మన వైపు వచ్చే స్మారక సంచికలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. దండ వేసిన ఫోటో, ఒక శ్లోకం, నాయకుల సంతాప సందేశాలు, కొడుకులు కోడళ్లు మనుమలు మనుమరాళ్ల పేర్లు అయిపోయాక, ఆ మనిషి ఎలా బతికాడో చెప్పడానికి అరపేజీ మిగిలితే గొప్ప. ఈ ప్రెస్సు యజమాని సీసపు అక్షరాలు కూర్చే రోజుల్లో కంపోజిటరుగా పని నేర్చుకున్న పెద్దమనిషి. మా చిన్నాయన రాసుకుపోయిన కాగితాలను ఆయన ఓపికగా చదివి, "మీ తాత ఫౌజుల చేసిన కాగితాలు ఏమన్న ఉన్నయా? ఉంటే అవి తేండ్రి, ఆ తర్వాత రాసుకుందాం" అన్నారు. సంచిక నాణ్యత అంతా ఆ ఒక్క మాట దగ్గరే మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది.

తాత 1942లో పుట్టారు. 1948 సెప్టెంబరులో నిజాం సంస్థానం మీద పోలీసు చర్యకు విజయవాడ వైపు నుంచి భారత సైన్యం కోదాడ, సూర్యాపేట మీదుగా వచ్చినప్పుడు ఆయనకు ఆరేళ్లు. ఆ సైన్యపు బండ్ల గురించి ముసలితనంలో కూడా చెప్పేవారు. 1962లో చైనాతో యుద్ధం తరువాత సైన్యాన్ని పెద్ద ఎత్తున పెంచుతున్న సమయంలో ఆయన చేరి, గోల్కొండ దగ్గరి ఆర్టిలరీ సెంటరులో శిక్షణ పొంది, 1965, 1971 యుద్ధాలు రెండూ చూసి, 1980లో హవల్దారుగా ఇంటికి వచ్చారు. ఆయన ఢాకా దాకా వెళ్లి, పాకిస్తాన్ సైన్యం లొంగిపోవడం కళ్లారా చూశారని మా ఊళ్లో అందరూ చెప్పుకునేవారు, చిన్నాయన కూడా అదే రాశారు. యజమాని సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కు తెరిచి, అందులో పశ్చిమీ స్టార్ అని ఉన్న వరుసను చూపించారు. 1971లో తూర్పు రంగంలో ఉన్నవారికి పూర్వీ స్టార్, పడమటి రంగంలో ఉన్నవారికి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. నాయినమ్మ దాచిన ఆనాటి ఉత్తరాల మీద కూడా 56 ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) అనే చిరునామాయే ఉంది. తూర్పు వైపు వారికైతే అది 99 ఏపీఓ అయి ఉండేది. మా తాత ఆ చలికాలమంతా పంజాబు సరిహద్దులో ఫిరంగి దగ్గర ఉన్నారు. ఢాకా కథను తీసివేయడం చిన్నాయనకు మొదట కష్టంగా తోచినా, నిజంగా చేసిన సేవను పక్కనబెట్టి చేయని దానిని అచ్చువేయడం తాతకు గౌరవం కాదని యజమాని నెమ్మదిగా నచ్చజెప్పిన తీరును నేను మెచ్చుకోకుండా ఉండలేను.

పతకాల విషయంలోనూ అంతే శ్రద్ధ చూపించారు. యుద్ధరంగంలో ఉన్నవారికి ఇచ్చిన సమర సేవా స్టార్, పశ్చిమీ స్టార్ ముందు రావాలి. ఆ రెండు యుద్ధాల కాలంలో సైన్యంలో ఉన్నవారందరికీ వర్తించిన రక్షా మెడల్, సంగ్రామ్ మెడల్ వాటి తరువాత రావాలి. తొమ్మిదేళ్ల సేవకు ఇచ్చిన పతకం చివరిది. ఈ వరుసను ఆయన తనకు తెలిసిన మరొక మాజీ సైనికుడికి చూపించి సరిచూసుకున్న తరువాతే పేజీ కట్టారు. యూనిఫారంలో ఉన్న ఒకే ఒక్క ఫోటోను చాలా ఏళ్ల కిందట ఎక్కడో కాపీ తీయించినప్పుడు కుడి ఎడమలు తారుమారయ్యాయి. పతకాలు కుడి రొమ్ము మీద ఉండటం చూసి ఆయనే ఆ సంగతి పట్టుకున్నారు, ఎందుకంటే సైనికులు పతకాలను ఎడమవైపునే ధరిస్తారు. ఫోటోను తిరగవేసి, బూజు మచ్చలు తొలగించి, ముఖంలో గీతలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. మేము రంగులు వేయమని అడిగితే ఒప్పుకోలేదు. నలుపు తెలుపు ఫోటోలో రిబ్బను అసలు రంగు కంప్యూటరుకు తెలియదని, అది ఊహించి వేసిన రంగు తప్పయితే పతకమే మారిపోతుందని ఆయన వాదన. అది సరైన వాదనే.

సైన్యం పేజీలు పూర్తయ్యాక ఆయన నాయినమ్మను కలవాలన్నారు. మా ఇంటికి వచ్చి ఆమె మంచం పక్కన కూర్చుని, "పెద్దమ్మా, పింఛను పైసలు వస్తే ఆయన ముందుగాల దేనికి ఖర్చుపెట్టేటోడు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు ఆమె చెప్పిన జవాబే సంచికలో సగం పేజీలయింది. మొదటి పింఛను డబ్బుతో తమ్ముడి కూతురి పెళ్లి అప్పు తీర్చారు. తమ్ముడు చిన్నవయసులోనే పోవడం వల్ల ఆ ముగ్గురు పిల్లల చదువూ తాతే చూసుకున్నారు. ఊరికి వచ్చిన కొత్తలో పెట్టిన బత్తాయి తోట కాపుకు వచ్చే వేళకు కరువు వచ్చి బావి ఎండితే, చెట్లు కొట్టేసి, నల్లగొండలో ఒక బ్యాంకులో గార్డు ఉద్యోగంలో చేరారు. మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయని, ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువైతే ఎముకలు కూడా వంకరపోతాయని ఈ జిల్లాలో పిల్లలకు కూడా తెలుసు. అందుకే తాత సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకుని, మంచి నీళ్లున్న పక్క ఊరి బావికి రోజూ తెల్లవారుజామున వెళ్లి వచ్చేవారు. ఆ నీళ్లు పిల్లలకు మాత్రమే; ఆయన బోరు నీళ్లే తాగేవారు.

నాయినమ్మకు పక్షవాతం వచ్చిన తరువాత వంట, స్నానం, మందులు అన్నీ తాతే చూసుకున్నారు. ఆమెకు తల దువ్వి జడ వేసిందీ ఆయనే. మగవాడు జడ వేసిన ముచ్చట అచ్చులో ఎందుకని చిన్నాయన వెనుకాడితే, నాయినమ్మే అది ఉండాలని పట్టుబట్టారు. తాత డబ్బు పంపినప్పుడు వచ్చిన, ఆమె భద్రపరిచిన మనియార్డరు కూపన్లను ఎడమ పేజీల్లో ఫోటోలుగా, వాటిలోని రెండు మూడు వాక్యాలను కుడి పేజీల్లో పెద్ద అక్షరాల్లో వేయడం యజమాని ఆలోచన. డబ్బు అందిన వారికి మిగిలే ఆ చిన్న ముక్క మీద ఎంత రాయగలరో అంతే రాసేవారు కాబట్టి, వాటిలో ఒక్క వృథా మాట లేదు. "బర్రెను అమ్మొద్దు. పిల్లగాళ్లకు పాలుండాలె." అన్న కూపను పేజీ దగ్గర చాలామంది బంధువులు ఆగిపోయి చదివారు. సంచికలో నాకు అన్నిటికంటే నచ్చిన పేజీ అదే.

లోపాలు కూడా చెప్పాలి. వీరు ఇంకా పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో "అను" అనే తెలుగు ఫాంట్లతో టైపు చేస్తున్నారు. అది ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదవగలిగే యూనికోడ్ పద్ధతి కాదు కాబట్టి, సంచికలోని ఒక పేరా తీసుకుని వాట్సాప్‌లో దూరపు బంధువులకు పంపబోతే అర్థం లేని గుర్తులు వస్తాయి. పీడీఎఫ్ ఇచ్చారు గానీ అందులో తెలుగు పదాలు వెతకడం కుదరదు. ఆర్టు పేపరు మెరుపు ఎక్కువై ట్యూబులైటు కింద ముసలివారికి చదవడం ఇబ్బందిగా ఉంది. 48 పేజీలకు మధ్యలో పిన్నులు కొట్టే బైండింగు సరిపోలేదు. కొన్ని ప్రతుల్లో నడిమి పేజీలు అప్పుడే వదులవుతున్నాయి. పెళ్లిళ్ల ముహూర్తాలున్న నెలలో మా పని పక్కకు పోయి, చెప్పిన తేదీకి కాకుండా కార్యానికి ముందు రోజు రాత్రి కట్టలు చేతికి వచ్చాయి. ఆ ఆందోళన ఎవరికీ వద్దు.

200 ప్రతులకు ఒక్కోదానికి 140 రూపాయలు తీసుకున్నారు. ఫోటో బాగుచేసినందుకు, ఇంటికి వచ్చి మాట్లాడినందుకు వేరే రుసుము అడగలేదు. వెళ్లేవారు డిశ్చార్జి బుక్కు, పింఛను ఆర్డరు, పాత ఉత్తరాలు అసలువే తీసుకెళ్లండి; ఆయన మీ ముందే స్కాన్ చేసి వెంటనే తిరిగి ఇస్తారు. సంవత్సరీకానికి కనీసం రెండు నెలల ముందు పని అప్పగించండి. మెరుపు లేని కాగితం, దారంతో కుట్టిన బైండింగు కావాలని మొదటే అడగండి. బంధువులు ఇంకా ప్రతులు కావాలంటున్నందువల్ల మేము రెండోసారి అచ్చుకు ఇచ్చాము, ఈసారి ఆ రెండూ రాయించుకున్నాము.