ముందే చేసి ఫ్రీజర్‌లో దాచే యాపిల్ పై: ఏడు చలికాలాలు వాడాక

పై అంటే మైదా, వెన్న కలిపిన పిండి పొరలో యాపిల్ ముక్కలు నింపి, మీద ఇంకో పొర మూసి ఓవెన్‌లో కాల్చే తీపి. ఫ్రీజర్‌లోంచి తీసిన పైని కరగనివ్వక్కర్లేదు. రాయిలా ఉన్నదాన్ని ఉన్నట్టే వేడి ఓవెన్‌లోకి తోసేయడమే. ఈ పద్ధతి మీద నాకున్న ప్రేమంతా ఇక్కడే ఉంది, మిగతా సంగతులు దీని తర్వాతే. ఇడ్లీ పిండి అయితే చలి వదిలేదాకా బయట పెట్టాలి. దాచుకున్న గోంగూరైనా గంట ముందు తీసి పెట్టుకోవాలి. పైకి ఆ బాధ లేదు సరికదా, కరిగిస్తేనే చెడుతుంది. క్రస్ట్‌లో, అంటే ఆ పిండి పొరలో, వెన్న గడ్డగా ఉన్నప్పుడు వేడి తగిలితే, అందులోని తడి ఆవిరై పిండిని పొరలు పొరలుగా లేపుతుంది. వెన్న ముందే మెత్తబడి పిండిలో ఇంకిపోయిందా, గట్టి బిస్కెట్టే. అందుకే అప్పటికప్పుడు చేసి కాల్చిన దానికంటే నా ఫ్రీజర్ పైలే బాగా విచ్చుకుంటాయి. కట్ చేస్తుంటే కత్తి కింద కరకరమని చప్పుడు రావాలి, వస్తుంది.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో. సెప్టెంబర్ చివర నుంచి ఇక్కడ తోటలకు వెళ్లి సొంతంగా యాపిల్స్ కోసుకోవడం ఒక తంతు. చెట్టు దగ్గర ఆశ ఆగదు. అర బుషెల్ సంచి నిండితే 9 కిలోల పైమాటే, ముగ్గురం తినగలమా? తొమ్మిదంగుళాల పై ఒక్కదానికి కిలోంపావు దాకా పడుతుందని తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో యాపిల్ కుళ్లలేదు. కొట్లో దొరికే రెడీమేడ్ క్రస్టుల్లో కొన్నిటికి పంది కొవ్వు వాడతారు, అట్ట వెనక చదివి పెట్టేసేదాన్ని. మా అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. కాబట్టి ఇంట్లోనే, వెన్నతోనే, పైన గుడ్డు బదులు పాలు రాసి. 2018 అక్టోబర్‌లో మొదటిసారి ఆరు చేశాను. అమ్మకి ఫోన్‌లో "పై చేస్తున్నానమ్మా" అంటే, "పైన ఏం చేస్తున్నావే, మెట్లు జాగ్రత్త" అంది.

ఆ ఏడు నవంబర్‌లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి ఒకటి, క్రిస్మస్ సెలవుల్లో ఒకటి కాల్చాను. రెండూ అద్భుతం. వెంటనే వాట్సాప్ గ్రూపులో పెద్ద ఉపన్యాసం రాసిపడేశాను. "ఒక ఆదివారం కష్టపడండి, ఆరు నెలలు నిశ్చింత. చుట్టాలు చెప్పకుండా వచ్చినా టెన్షన్ లేదు" అని. ఆ మెసేజ్ ఇప్పటికీ ఎవరో ఒకరు నాకే ఫార్వర్డ్ చేస్తుంటారు.

అసలు కథ జనవరిలో జరిగింది. మిగిలిన నాలుగు పైలూ గరాజ్‌లో పాత ఫ్రిజ్ మీది ఫ్రీజర్‌లో ఉన్నాయి. కొత్త ఫ్రిజ్ కొన్నప్పుడు పాతది పారేయడానికి మనసొప్పక గరాజ్‌లోకి నెట్టాం, ఇక్కడ ఇంటింటా ఉండేదే. 2019 జనవరి ఆఖర్లో పోలార్ వోర్టెక్స్, అంటే ధ్రువం వైపు నుంచి దిగే ఘోరమైన చలిగాలి, వచ్చింది. స్కూళ్లు మూసేశారు. డెట్రాయిట్‌లో మైనస్ 25 సెల్సియస్ దాకా పడిపోయింది. 30వ తేదీ రాత్రి అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి. గ్యాస్ సరఫరా చేసే ఒక కంప్రెసర్ స్టేషన్‌లో మంటలు లేచాయట, ఇల్లు వెచ్చబరిచే హీటర్ థర్మోస్టాట్ 65 ఫారెన్‌హీట్‌కి తగ్గించుకోమని అలర్ట్. మర్నాడు గురువారం ఇల్లంతా శాలువాలు కప్పుకుని కూర్చున్నాం. నాది కరెంటు ఓవెన్. పై కాలిస్తే వంటిల్లు వెచ్చబడుతుంది, పిల్లలూ ఊరుకుంటారు అని పక్కింటి తెలుగువాళ్లని కూడా రమ్మన్నాను.

పై తీసేటప్పుడు అనుమానం రావాల్సింది. ఎందుకంటే దాని పక్కనున్న పచ్చి బఠాణీల సంచి, గలగలలాడాల్సింది, ఇటుక రాయిలా ఒకే ముద్ద. ఫాయిల్ లోపల పైకి ఒక వైపు తేనె రంగులో పలచటి మంచు పలక అతుక్కుని ఉంది. చలి దేశంలో మంచు కాక ఏముంటుంది అనుకుని ఓవెన్‌లో పెట్టాను. ఇల్లంతా దాల్చినచెక్క వాసన. మీది క్రస్ట్ బంగారంలా వచ్చింది. మొదటి ముక్క కోసి గరిటెతో లేపితే అడుగు రాలేదు. అడుగంతా మైదా అంబలి. యాపిల్ ముక్కలు దాని మీద తేలుతున్నాయి. పక్కింటావిడ మర్యాదగా స్పూను అడిగింది. చివరికి అందరం గిన్నెల్లో వేసుకుని పాయసంలా తిన్నాం. రుచికేం లోటు లేదు, కానీ నేను గ్రూపులో గొప్పలు చెప్పింది ఈ గిన్నెల గురించి కాదు కదా.

వాతావరణం కాస్త మెత్తబడ్డాక రిపేరు చేసే ఆయన వచ్చి చెబితే గానీ అర్థం కాలేదు. ఇలాంటి ఫ్రిజ్‌లలో థర్మోస్టాట్ ఒకటే, అది ఉండేది కింది అరలో. గరాజ్ చల్లదనం మూడు, నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే, కింది అర అప్పటికే చల్లగా ఉంది కాబట్టి దానికి కంప్రెసర్ తిప్పాల్సిన పని కనిపించదు. మీది ఫ్రీజర్ గతి ఏమిటో అది చూసుకోదు. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా ఆ ఏడు చలి అంతగా లేదు. ఆ రోజుల్లో నా పైలు నెమ్మదిగా కరిగి, రసం అడుగు క్రస్ట్‌లోకి దిగి, పోలార్ వోర్టెక్స్ రాగానే గరాజ్‌తో పాటు మళ్లీ గడ్డకట్టాయి. బయటికి చూస్తే ఏమీ జరగనట్టే. బయట చలికి ముక్కు ఊడిపోయే ఊళ్లో ఫ్రీజర్ చలికాలంలో కరిగిపోయిందంటే మా నాన్న ఇప్పటికీ నమ్మరు.

మిగిలిన మూడు పైలూ పారేశాను. ఆ వేసవిలోనే ఐదు క్యూబిక్ అడుగుల చెస్ట్ ఫ్రీజర్ కొని బేస్‌మెంట్‌లో పెట్టాం. మంచు మనమే గీకి తీసుకోవాల్సిన రకం. విసుగే, కానీ మంచు దానంతటదే కరిగించుకునే ఫ్రీజర్లు మధ్యమధ్య కాస్త వేడెక్కి మళ్లీ చల్లబడతాయి, దాంతో క్రస్ట్ ఎండిపోతుంది. ఇందులో ఆ గొడవ లేదు. నమ్మకం కుదరక ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక క్వార్టర్ నాణెం పెట్టి ఓ మూల ఉంచాను. నాణెం మునిగి కనిపించిందంటే మధ్యలో ఎప్పుడో కరిగినట్టు. ఇప్పటిదాకా మీదే ఉంది.

అయినా 2019లో చేసిన పైలు కూడా కొంచెం నీళ్లు వదిలాయి. తప్పు గరాజ్ మీదకి నెట్టడానికి ఈసారి వీల్లేదు. మా అత్తయ్యగారు అప్పుడు ఇక్కడే ఉన్నారు. వారిది పెద్దాపురం. ఫ్రీజర్‌లో నెలల తరబడి దాచడం అనే మాటే ఆవిడకి గిట్టదు. "మూణ్ణెల్ల నాటిది ఎవరికి పెడతావమ్మా, చద్దికైనా ఒక హద్దుండాలి" అనేవారు. రసం చిక్కబడటానికి నేను వేసేది కార్న్‌ఫ్లోర్. ఫోన్‌లో చదువుతూ, "కార్న్‌ఫ్లోర్ గడ్డకట్టి కరిగితే పట్టు వదిలేస్తుందట అత్తయ్యా, టపియోకా పిండి వాడాలట" అన్నాను. "అంటే ఏమిటది?" అన్నారు. ఫొటో చూపించాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూసి, "ఇది కర్రపెండలం కాదూ. మా ఊరి చుట్టూ అవే తోటలు. నీ అలమరాలో సగ్గుబియ్యం డబ్బా ఉందిగా, మిక్సీలో వెయ్యి" అన్నారు.

సగ్గుబియ్యం మెత్తటి పొడి కొట్టి, జల్లించి, ఒక్కో పైకి మూడు టేబుల్ స్పూన్ల చొప్పున యాపిల్ ముక్కలకి పట్టించాను. రసం జిగురుగా, మెరుస్తూ నిలబడింది. ముక్క కోస్తే జారలేదు. బరకగా ఉంటే మాత్రం పంటికి పలుకులు తగులుతాయి, ఒకసారి బద్ధకించి అనుభవించాను. మీది అంచు మూయడం కూడా అప్పట్నుంచి ఆవిడ పద్ధతే. కజ్జికాయకి నొక్కినట్టు బొటనవేలితో పిండిని లోపలికి మడుస్తూ జడలా తిప్పుకుంటూ పోవడం. ఫోర్కుతో నొక్కిన అంచుకంటే ఇది రసాన్ని బాగా ఆపుతుంది. ఆవిడ చేసిన అంచుల ముందు నావి ఇప్పటికీ వంకరే.

తయారీ అందరికీ తెలిసిందే, రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. పచ్చి ముక్కలు వేస్తే కాలేటప్పుడు కుంగిపోయి మీది క్రస్ట్ గుడారంలా ఖాళీగా నిలబడుతుంది, అందుకని సన్నటి సెగ మీద ముక్కల్ని కాస్త మగ్గించి పూర్తిగా చల్లార్చి నింపుతాను. చుట్టకుండా నాలుగైదు గంటలు ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, ఆ తర్వాతే ప్లాస్టిక్ ర్యాప్, దాని మీద ఫాయిల్. గాట్లు, పాలు రాయడం కాల్చే ముందే. గాజు పళ్లెంలో మాత్రం చేయకండి, ఫ్రీజర్‌లోంచి తిన్నగా వేడి ఓవెన్‌లోకి వెళితే పగలొచ్చు. నేను వాడేవి పలచటి అల్యూమినియం ప్యాన్లు. గుమ్మడి పై ఒకసారి దాచి చూశాను, నీళ్లు ఊరింది, మళ్లీ ఆ జోలికి పోలేదు.

వాట్సాప్ ఉపన్యాసంలో ఆరు నెలలు అన్నాను కదా. మూడు అని చదువుకోండి. మైనస్ 18 సెల్సియస్ దగ్గర ఉంచితే చెడిపోదు, అది నిజమే. కానీ ఫిబ్రవరి దాటాక క్రస్ట్‌కి ఒక అట్టపెట్టె వాసన మొదలవుతుంది. దాల్చినచెక్క ఎంత వేసినా దాన్ని కప్పదు. "చుట్టాలు చెప్పకుండా వచ్చినా" అన్నది కూడా కొంచెం ఎక్కువే. 425 ఫారెన్‌హీట్‌లో ఇరవై నిమిషాలు, 375కి తగ్గించి ఇంకో గంట. గాట్లలోంచి రసం బుడబుడమని పొంగాలి. ఆపైన కనీసం రెండు గంటలు చల్లారాలి, లేకపోతే సగ్గుబియ్యం ఉన్నా జారుతుంది. అంటే చుట్టాలు మూడున్నర గంటల ముందు ఫోన్ చేస్తేనే.

విజయవాడలో మా చెల్లి తనూ మొదలుపెడతానంది. వద్దన్నాను. వాళ్ల ఫ్రిజ్ మీది అరలో ఐస్ ట్రేలు, పచ్చి కొబ్బరి పోను తొమ్మిదంగుళాల ప్యాన్‌కి చోటు లేదు. ఎండాకాలం కరెంటు పోయినప్పుడల్లా నాకు ఆ బఠాణీల సంచే గుర్తొస్తుంది. విడిగా డీప్ ఫ్రీజర్ ఉండి, చేతికి అందే దూరంలో యాపిల్ తోట ఉండి, ఇంట్లో తీపి తినే నోళ్లు నాలుగుంటే మాత్రం ఇంతకంటే మంచి ఆదివారం పని నాకు తెలియదు. నా సంగతే తీసుకుంటే, అందులో రెండే మిగిలాయి. మా వాడు కాలేజీకి వెళ్లిపోయాడు. మా ఆయనకి పోయినేడు షుగర్ బయటపడింది. ఎనిమిది చేసేదాన్ని నిరుడు ఐదు చేస్తే ఒకటి ఏప్రిల్ దాకా అలాగే పడి ఉంది, ఆ అట్టపెట్టె వాసనతో సహా నేనొక్కదాన్నే తిన్నాను. ఈ అక్టోబర్‌కి ఆరంగుళాల చిన్న ప్యాన్లు కొన్నాను, నాలుగు చేస్తానేమో. సగ్గుబియ్యం పొడి ఇంకా అర సీసా ఉంది.