శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టా: ఎకో ఫ్రెండ్లీ అన్న మాట ఎంతవరకు నిజం?

శ్రీకాళహస్తిలో ఇంట్లోనే కలంకారీ పని, అంటే బట్ట మీద కలంతో చేత్తో బొమ్మలు గీసి రంగులు వేసే పని చేసుకునే ఒక కుటుంబం దగ్గర కాటన్ దుపట్టా తీసుకున్నాను, 3,200 రూపాయలు. షాపు కాదు, బోర్డు కూడా లేదు. రేటు విని వెనక్కి తగ్గకండి, ముందు బట్ట తిరగేసి చూడండి. గీతలు వెనకవైపుకి కూడా దిగి ఉంటాయి, ఏ రెండు ఆకులూ అచ్చంగా ఒకేలా ఉండవు. తిరుపతిలో ఒక షోరూమ్‌లో 'ఎకో ఫ్రెండ్లీ కలంకారీ' అని ట్యాగు తగిలించి ఆరు వందలకి అమ్ముతున్నది తిరగేస్తే వెనకాల తెల్లగా ఉంది, అది ఉత్త స్క్రీన్ ప్రింట్. 2005-06లోనే జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని చట్టపరంగా ఇచ్చే గుర్తింపు) వచ్చిన పని పేరు అలా వాడుకోవడం నాకు చాలా కోపం తెప్పించింది.

అసలు పని ఎలా చేస్తారో కూర్చోబెట్టి చూపించారు. ముందు బట్టని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు, ఆ పాల వల్లే రంగు పక్కకి పాకదు. తుప్పు పట్టిన ఇనుము ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన కసింతో వెదురు కలం పట్టుకుని గీస్తే, బట్టలో ఉన్న కరక్కాయ వగరు తగిలి గీత నల్లబడుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత బట్టని వేళ్లూ చెక్కలూ వేసి మరిగించిన రంగునీళ్లలో ఉడికిస్తారు, పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. పసుపుకి కరక్కాయ పువ్వు. గీతలు ఇంటాయన గీస్తే రంగులు నింపేది ఇంట్లో ఆడవాళ్లు. మరి నీలం ఏంటన్నా అని అడిగితే, "అది కొన్న రంగేమ్మా, తక్కినవన్నీ మేం కాచినవే" అన్నారు. అడిగినదానికి దాచకుండా చెప్పడం నాకు చాలా నచ్చింది, ఏ ట్యాగు మీదా ఇంత నిజం ఉండదు.

కానీ రంగు మంచిదైనంత మాత్రాన అంతా అయిపోదు. ప్రతి దశ తర్వాతా బట్టని జాడించాలి, అదీ పారే నీళ్లలో అయితే మేలు, మన స్వర్ణముఖిలో ఏడాది పొడవునా నీళ్లుండవు. దానికి ముందే పత్తి పండటానికి నీళ్లు కావాలి, ఒక్క కాటన్ టీషర్టు వెనక సుమారు 2,700 లీటర్లు ఉంటాయని ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ లెక్క. పాలిస్టర్ కొంటే పత్తి నీళ్లు మిగులుతాయేమో గానీ అది పెట్రోలియం నుంచి వచ్చేది, ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ పోగులు కాలవలో కలుస్తాయి. నగరి వైపు అద్దకం యూనిట్ల రంగు నీళ్ల గొడవ మన వాళ్లకి కొత్తేమీ కాదు కదా. చౌకగా, వారానికో కొత్త డిజైన్ కావాలని మనం అడిగినన్నాళ్లూ ఆ నీళ్లు ఎక్కడో ఒకచోటికి పారుతూనే ఉంటాయి, దానికి షోరూమ్ వాళ్లనొక్కళ్లనే అనలేం.

అందుకే ఫ్యాషన్ పర్యావరణానికి హాని లేకుండా సాధ్యమా అంటే, ఈ ఇంట్లో జరుగుతున్న పద్ధతిలో చాలావరకు సాధ్యమే అంటాను, కాకపోతే తక్కువ కొని ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లకే అది వర్తిస్తుంది. ఇదే దుపట్టాని పది రంగుల్లో కొని బీరువాలో పెట్టుకుంటే అక్కడా తేడా ఏమీ లేదు. ఇంకో మాట, ఆ 3,200లో బేరం ఆడకండి. చేతి కూలి తగ్గించి భూమిని కాపాడతామంటే నేను ఒప్పుకోను.

లోపాలు కూడా చెప్పాలి. కొత్తలో కరక్కాయ, పాల వాసన గట్టిగానే ఉంటుంది, కొన్ని ఉతుకుల తర్వాత పోయింది. పసుపు కాస్త వెలిసింది, ఎరుపు నలుపు మాత్రం చెక్కుచెదరలేదు. కుంకుడుకాయ రసంతో ఉతికి నీడలో ఆరేయాలని అడిగితే చెప్పారు, అదే ఒక చీటీ మీద రాసిస్తే కొత్తవాళ్లు సర్ఫ్‌లో నానబెట్టి పాడుచేసుకోరు. ఏ రంగు దేంతో చేశారో కూడా అందులోనే రాస్తే ఇంకా బాగుంటుంది.

తిరుపతి నుంచి బస్సులో గంట ప్రయాణం. ఫోన్‌పే తీసుకుంటారు. పెళ్లికో పండక్కో చీర చేయించుకోవాలంటే అక్టోబరు వానలకి బాగా ముందే చెప్పుకోండి, ముసురు పట్టిందంటే బట్ట ఆరదు, వాళ్లని తొందరపెట్టీ లాభం లేదు.