ఎఫ్ఎం10 పక్కన పెడుతున్నవాళ్లకి నికాన్ డి7200

నికాన్ ఎఫ్ఎం10 ఫిల్మ్ కెమెరా, దాంతో వచ్చిన 35–70 జూమ్, ఓ 50 ఎం.ఎం. లెన్సు ఇంట్లో ఉండి మొదటి డిజిటల్ ఎస్ఎల్ఆర్ కొనాలనుకుంటే, సెకండ్‌హ్యాండ్ డి7200 వెతుక్కోవడం మేలు. 2015లో వచ్చిన మోడల్, ఇప్పుడు తయారీ లేదు. దీని తర్వాత వచ్చిన డి7500 పాత లెన్సుల వాళ్లకి అంత పనికిరాదు. లెన్సు రింగు మీద ఎపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) ఎంత పెట్టారో బాడీకి తెలియజేసే చిన్న కొక్కెం ఒకటి మౌంటు (లెన్సు తగిలించే చోటు) అంచున ఉంటుంది. డి7200లో ఉంది, డి7500లో తీసేశారు. డి3500, డి5600 లాంటి చిన్న బాడీల్లోనూ లేదు. అది లేకపోతే చేత్తో ఫోకస్ చేసే మాన్యువల్ లెన్సు ఎక్కుతుంది గానీ వెలుగు కొలిచే మీటరు పలకదు. ఆ చిన్న బాడీల్లో ఫోకస్ మోటారు కూడా ఉండదు కాబట్టి 50 ఎం.ఎం. ఎఫ్/1.8డి లాంటి లెన్సు పెడితే ఆటోఫోకస్ కదలదు. షాపులో "రెండు లెన్సుల కిట్" అని చూపిస్తే ముందు మోడల్ నంబరు చూడండి.

తగిలించే ముందు లెన్సు ఏ కాలం నాటిదో గమనించాలి. ఎపర్చర్‌ని బాడీకి ఇలా తెలియజేసే నికాన్ ఏఐ పద్ధతి 1977లో వచ్చింది. ఏఐ లెన్సు రింగు మీద ఎపర్చర్ అంకెలు రెండు వరసల్లో ఉంటాయి, మౌంటు వైపు వరస చిన్నది. ఒకే వరస ఉండి, పైనున్న లోహపు చెవికి రంధ్రాలు లేకపోతే అది అంతకుముందుది. బలవంతంగా తిప్పితే ఆ కొక్కెమే విరుగుతుంది. ఎఫ్ఎం10తో వచ్చిన 35–70కి ఈ భయం లేదు.

మాన్యువల్ లెన్సు వివరాలు ఒకసారి నమోదు చేయాలి. సెటప్ మెనూలో నాన్-సీపీయూ లెన్స్ డేటాకి (చిప్ లేని లెన్సుల వివరాలు) వెళ్లి, లెన్స్ నంబర్ 1 ఎంచుకుని, ఫోకల్ లెంగ్త్ 50, మాగ్జిమమ్ ఎపర్చర్ 1.8 ఇచ్చి డన్ నొక్కాలి. ఇలా తొమ్మిది లెన్సులు దాచుకోవచ్చు. తర్వాత మోడ్ డయల్ ఏ (ఎపర్చర్ మనం, షట్టర్ కెమెరా పెట్టేది) లేదా ఎం (రెండూ మనమే పెట్టేది) మీదే ఉండాలి, వేరే మోడ్‌లో షట్టర్ పడదు. ఎపర్చర్ లెన్సు రింగుతోనే మార్చాలి. ఎఫ్/1.8డి లాంటి ఆటోఫోకస్ లెన్సుకి మాత్రం ఇది తలకిందులు: రింగుని ఎఫ్/22 దగ్గర లాక్ చేసి, ఎపర్చర్ బాడీ మీద మార్చాలి. లాక్ చేయకపోతే తెర మీద "ఎఫ్ఈఈ" అని కొట్టుకుంటుంది. కెమెరా పాడైందని సర్వీసుకి ఇచ్చేయకండి, రింగు తిప్పితే పోతుంది.

సెన్సర్ ఫిల్మ్ కంటే చిన్నది కాబట్టి 50 లెన్సు 75లా చూపిస్తుంది, 35–70 దాదాపు 52–105 అవుతుంది. వెడల్పు పోయినట్టే. ఇంట్లో పెళ్లి తీయాలంటే 18తో మొదలయ్యే జూమ్ ఒకటి కొనక తప్పదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం పెలికాన్ల కోసం వెళ్లేవాళ్లకి మాత్రం ఇదే లాభం, 300 లెన్సు 450లా దగ్గరికి తెస్తుంది. 28 లెన్సు 28గానే కావాలంటే ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ డి610, డి750 చూడాలి. వాటికీ ఆ కొక్కెం ఉంది.

వ్యూఫైండర్ ఎఫ్ఎం10 అంత పెద్దగా కనిపించదు. ఫోకస్ కుదిరితే కలిసే, మధ్యలో చీలిన బొమ్మ కూడా లేదు. బదులుగా కింద మూలలో ఆకుపచ్చ చుక్క, రెండు బాణాలు ఉంటాయి. బాణం చూపిన వైపు ఫోకస్ రింగు తిప్పితే చుక్క నిలుస్తుంది. ఎఫ్/1.8 దగ్గర ఆ చుక్కని పూర్తిగా నమ్మలేం. కెమెరా స్టాండు మీద ఉంటే లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద, పెద్దది చేసి చూడటం నయం.

అసలు కష్టం ఎక్స్‌పోజర్ దగ్గర వస్తుంది. నెగటివ్ ఫిల్మ్‌కి ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు, వెలుగు ఇవ్వడం అందరికీ అలవాటు, ప్రింటులో ల్యాబు సర్దేసేది. ఇక్కడ తెలుపు ఒకసారి తెగిపోయిందంటే, అంటే వివరం లేకుండా తెల్లబోయిందంటే, రా ఫైల్లో (సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచేది) కూడా వెనక్కి రాదు. నీడల్ని మాత్రం ఐఎస్ఓ 100 దగ్గర రెండు మూడు స్టాపులు సునాయాసంగా లేపొచ్చు. స్లైడ్ ఫిల్మ్ వాడినవాళ్లకి ఈ లెక్క తెలిసిందే. విజయనగరం సిరిమానోత్సవంలో మాను చివర పూజారి, వెనక తెల్లటి ఆకాశం. మీటరు ఆకాశాన్ని చూసి మనిషిని నల్లగా చేస్తుంది, ముఖం చూసి పెంచితే ఆకాశం, తెల్ల బట్టలు కాగితంలా మిగులుతాయి. ఎం మోడ్‌లో, ఐఎస్ఓ 100, ఎఫ్/8, 1/500 దగ్గర మొదలుపెట్టండి. మంచి ఎండలో ఎఫ్/16కి షట్టర్ ఐఎస్ఓ అంకెకి దగ్గరగా పెట్టమనే పాత ఎండ–16 సూత్రమే ఇది. వెలుగు తగ్గేకొద్దీ షట్టర్ తగ్గించుకుంటూ, రాలో తీసి ముఖాన్ని తర్వాత లేపాలి.

ప్లేబ్యాక్ డిస్‌ప్లే ఆప్షన్లలో హైలైట్స్ (తెగిన చోట్లు మినుకుమంటాయి), ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరు గ్రాఫులు) రెండూ ఆన్ చేయండి. కుంకుమ, ఎర్ర పట్టుచీర, బంతిపూల దగ్గర ముందు తెగేది ఎరుపు ఒక్కటే, మొత్తం కలిపిన గ్రాఫులో అది కనబడదు. ఎరుపు గ్రాఫు కుడి గోడకి ఆనుకుంటే రెండు మూడోవంతుల స్టాప్ తగ్గించాలి.

పెళ్లి పందిట్లో ఎల్ఈడీ దీపాల కింద ఫొటోలో అడ్డంగా చారలు వస్తే సెన్సర్ తప్పు కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, చౌక దీపాలు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే చారలు చాలావరకు పోతాయి. రంగుకి ఆటో వైట్ బ్యాలెన్స్ వదిలేసి కెల్విన్ (వెలుగు రంగు కొలత) అంకె ఒకటి ఖాయం చేసుకుంటే ఆల్బమ్ అంతా ఒకే రంగులో ఉంటుంది.

ఫిల్మ్‌కి ప్రతి ఫ్రేమూ కొత్తదే. సెన్సర్ ఒక్కటే, దాని మీద దుమ్ము అన్ని ఫొటోల్లోనూ పడుతుంది. కళింగపట్నం, బారువ తీరాల్లో గాలికి ఎదురుగా లెన్సు మార్చకండి. ఎఫ్/16 దగ్గర ఖాళీ ఆకాశాన్ని తీస్తే మచ్చలు తెలుస్తాయి. బ్యాటరీ నిండుగా ఛార్జ్ చేసి, సెటప్ మెనూలో లాక్ మిర్రర్ అప్ ఫర్ క్లీనింగ్ నొక్కి, మౌంటు కిందికి ఉండేలా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి. నోటితో ఊదితే తుంపర పడి పని ఇంకా పెరుగుతుంది. తేమకి లెన్సులో ఫంగస్ పడుతుంది కాబట్టి తోలు కేసుల్లో కాకుండా గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్‌తో ఉంచండి.

ఫైల్ 6000×4000 పిక్సెళ్లు, 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) దగ్గర 12×18 అంగుళాల ప్రింటుకి సరిపోతుంది, 12×36 ఆల్బమ్ షీటులో సగం ఒకే ఫొటోతో నింపొచ్చు. కార్డు స్లాట్లు రెండున్నాయి, రెండోదాన్ని బ్యాకప్‌గా పెట్టండి. రోల్ పోతే 36 ఫొటోలు పోయేవి, కార్డు పోతే పెళ్లే పోతుంది.

సెకండ్‌హ్యాండ్ బాడీ చూసేటప్పుడు మీ పాత లెన్సు, మీ కార్డు వెంట తీసుకెళ్లండి. జేపెగ్ ఒకటి తీసి, మార్చకుండా ఎక్సిఫ్ (ఫైల్లో దాగుండే కెమెరా వివరాలు) చూపించే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్నిసార్లు కొట్టిందో, కనిపిస్తుంది. షట్టర్‌ని నికాన్ పరీక్షించింది 1,50,000 వరకు. లక్ష దాటినదైతే ఆ మేరకు ధర తగ్గాల్సిందే. కొక్కెం వేలితో కదిపితే తేలిగ్గా వెనక్కి రావాలి. రెండు స్లాట్లలోనూ కార్డు పెట్టి చూడండి. చేత్తో పట్టుకునే చోట రబ్బరు ఊడటం మామూలే, అంటించుకోవచ్చు. ఎఫ్ఎం10 బ్యాటరీ లేకున్నా షట్టర్ కొట్టేది, ఇది కొట్టదు. అందుకని రెండో ఈఎన్-ఈఎల్15 బ్యాటరీ ఖర్చు కూడా బేరంలోనే లెక్కేసుకోండి.